తెల్ల ప్లేటుకు పరీక్ష పెట్టిందెవరు?

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఈ వారం మూడుసార్లు తిరిగిన సందేశం ఇది: "హైదరాబాద్ క్యాబ్‌లు ఫిట్‌నెస్ పరీక్షలో తప్పుతున్నాయి. బ్రేకుల్లేని బండ్లలో తిరుగుతున్నాం. ఎలాగూ ఆ సర్టిఫికెట్లు డబ్బుకు దొరికేవే. తెలిసినవాళ్ల తెల్ల ప్లేటు కారు మాట్లాడుకోవడం మేలు."

ముందు బ్రేకుల సంగతి. పరీక్షలో హెడ్‌లైటు, హారను, వైపరు, స్టీరింగు, టైర్లు కూడా చూస్తారు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గినా బండి తప్పినట్టే. అలాగని బ్రేకులు తప్ప మిగతావన్నీ చిల్లర లోపాలని అనను. పోయిన వర్షాకాలంలో శంషాబాద్ నుంచి వస్తుంటే ఎక్స్‌ప్రెస్‌వే మీద మా క్యాబ్ వైపరు ఆగిపోయింది. ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం దాకా డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నడిపాడు. బ్రేకులు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి! అలాంటి బండిని పరీక్షలో ఆపేశారంటే నాకు భయం వేయదు, ప్రాణం కుదుటపడుతుంది.

ఇక డబ్బు మాట. అన్నీ డబ్బుకే దొరుకుతుంటే తప్పుతున్నవి ఎందుకు తప్పుతున్నట్టు? మనిషి చూసి సంతకం పెట్టే చోట చేయి తడిపే వీలుంటుంది, కాదనను. ఆ వీలు తగ్గేలా, యంత్రాలతో పరీక్షించే కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధనలు తెచ్చింది.

అసలు తిరకాసు తెల్ల ప్లేటు దగ్గర ఉంది. పసుపు ప్లేటు ఉండే కిరాయి బండికి ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ తప్పదు. అది లేకుంటే చట్టం దృష్టిలో రిజిస్ట్రేషనే చెల్లదు. తెల్ల ప్లేటు ఉండే సొంత కారుకు 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ పొడిగించుకునే దాకా ఆ పరీక్షే లేదు. పరీక్షే రాయనివాడు తప్పేదెక్కడ? పైగా పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పడం నేరం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ పేచీ పెడుతుంది.

సర్టిఫికెట్ వచ్చిన మర్నాడే టైరు కోసుకుపోవచ్చు, నిజమే. బండి నంబరు కొడితే ప్రభుత్వ యాప్ ఎం-పరివాహన్‌లో ఫిట్‌నెస్ గడువు కనిపిస్తుంది. గడువు మిగిలి ఉన్నా ఎక్కగానే నేను వెతికేది వెనక సీటు బెల్టు కొక్కేన్ని. చాలా క్యాబ్‌లలో అది సీటు కవరు కింద కూరుకుపోయి ఉంటుంది. ఆ సందేశం పంపిన పెద్దాయన తెల్ల ప్లేటు కారులోనూ అంతే. మొన్న ఆదివారం నేనే తవ్వి తీశాను.