ఏడు రోడ్ల కూడలి ఫ్లెక్సీ గారికి

అయ్యా ఫ్లెక్సీ గారూ,

నమస్కారం. మీరు క్షేమమేనని తెలుసు. ఎండకి మీ రంగు వెలిసేలోపే అదే కర్రల మీద మీ తమ్ముడు లేస్తాడు. మీ వంశానికి లోటు లేదు.

ఫ్రాన్స్‌లో ఆర్ల్ అని ఒక ఊరుంది. 1888 ఫిబ్రవరిలో వాన్ గో అనే చిత్రకారుడు అక్కడికి వెళ్ళి, ఏడాది పైచిలుకు ఉండి, కంటపడిన వీధినీ వంతెననీ బొమ్మలోకి ఎక్కించాడు. అప్పట్లో ఊరివాళ్ళు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారనుకునేరు. ఈ పిచ్చివాణ్ణి ఊళ్ళో తిరగనివ్వొద్దని ఇరుగుపొరుగు సంతకాలు పెట్టి మరీ అర్జీ ఇచ్చారు. ఇప్పుడు అదే ఊళ్ళో, ఆయన నిలబడి బొమ్మ వేసిన చోట్ల ఆ బొమ్మల పలకలు పెట్టారు. జనం కాలినడకన పలక నుంచి పలకకి తిరుగుతూ, బొమ్మనొకసారి, ఎదురుగా ఉన్న వీధినొకసారి చూసుకుంటారు. ఆయన అద్దెకున్న పసుపు ఇల్లు 1944 బాంబుదాడిలో పోయింది. లేని ఇంటిని చూడ్డానికి కూడా వెళ్తున్నారండీ!

ఆయన రాత్రి దీపం వెలుగులో పసుపుగా వేసిన కాఫీ హోటల్ గోడకి తర్వాత నిజంగానే పసుపు రంగు కొట్టించారు, బొమ్మలాగే కనబడాలని. ఈ విద్య మీకూ తెలిసిందే. మీ మీద మెరిసే నాయకులు బయట ఎదురైతే గుర్తుపట్టలేక ఇబ్బంది పడుతున్నాం. వాళ్ళకీ ఓ పూత వేయిస్తే సరిపోతుంది.

మన శ్రీకాకుళం సంగతికొస్తే, చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారు 1921లో పుట్టింది ఇక్కడే. చందమామ అట్ట మీద 'వపా' సంతకం ఏ మూలనుందా అని వెతికినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆయన ఎక్కువగా వేసింది పురాణాలు, ఋతువులు, పండగలు, ఆ పెద్ద కళ్ళ ఆడవాళ్ళు. ఫలానా రాయి మీద కూర్చుని ఫలానా బొమ్మ వేశారని చూపించలేం. అయినా ఆ బుగ్గల మీది పసుపు, ఆ సంధ్యరంగు నాగావళి ఒడ్డున కాస్తయినా దొరక్కపోతాయా అని ఒక సాయంత్రం నడక మొదలుపెట్టాను.

నడక అనేకంటే మీ కాళ్ళ సందున దూరడం అనాలి. ఫుట్‌పాత్ మీద సరుగుడు కర్రలు పాతుకున్నదీ మీరే, వంతెన దగ్గర నదికి అడ్డం నిలబడ్డదీ మీరే. సరే, మిమ్మల్నే దగ్గర్నుంచి చూశాను. గాలి పోవడానికి మీ ఒంటినిండా అర్ధచంద్రాకారంలో కోతలు కోశారు. ఒకటి సరిగ్గా పెద్దాయన చెక్కిలి మీద పడింది. గాలి వీచినప్పుడల్లా ఆ ముక్క లేచి, వెనక నాగావళి రవ్వంత కనబడి, మళ్ళీ మూసుకుంటోంది. ఆ సాయంత్రం నాకు దక్కిన ప్రకృతి దృశ్యం అదే. కింద వరసలో పాస్‌పోర్టు సైజు ముఖాలు, సగంమంది చెవి దగ్గర సెల్‌ఫోన్. అవతల ఎవరో గానీ, ఏళ్ళ తరబడి ఆ కాల్ కట్ కాలేదు.

"ఏటి బాబూ, అలగ సూస్తన్నారు? మీవోళ్ళెవులైనా ఉన్నారేటి అందల?" అన్నాడు పకోడీల బండి ఆయన. లేరన్నాను. ఆయన బండికి పైకప్పు మీ అన్నగారే, తలకిందులుగా.

మిమ్మల్ని పీకెయ్యమని నేనెవరినీ అడగను. రాష్ట్రంలో మిమ్మల్ని నిషేధిస్తున్నామని 2022లోనే ప్రకటించారు. ఆ నిషేధానికి అభినందనలు చెప్పాలన్నా మీరే దిక్కు కదా! పైగా ఆర్ల్ వాళ్ళు ఖర్చుపెట్టి ఏర్పాటు చేసుకున్నదంతా మన దగ్గర రెడీగా ఉంది. కూడలి ఉంది, కర్రలున్నాయి, కట్టుతీగ ఉంది, తలెత్తి చూసే జనం ఉన్నారు. మార్చాల్సింది బొమ్మ ఒక్కటే.

సెప్టెంబర్ 10 వపా గారి పుట్టినరోజు. పుట్టినరోజంటే మీకు ప్రాణం. ఆ ఒక్కరోజు ఆయనకి చోటివ్వండి. కింద వరసలో ఎంతమంది నిలబడతామంటే అంతమందినీ నిలబెట్టుకోండి, సెల్‌ఫోన్లతో సహా. ముఖాలు మాత్రం ఆయన సంతకం కంటే పెద్దవి కాకుండా చూడండి.

ఇట్లు,
మీ కర్రలు తప్పించుకుంటూ వెళ్ళే ఒక పాదచారి