దొరవారి వెండి గిన్నెకు విన్నపం

మహారాజశ్రీ మోంటీత్ గిన్నె దొరవారి సముఖానికి,

తమరు 1705లో లండన్‌లో పుట్టామంటున్నారు. అంచున ఆ గాట్లు దేనికో మాకు తెలుసు. గ్లాసుల పాదాలు వాటికి తగిలించి, లోపలి చన్నీళ్ళలో తలకిందులుగా వేలాడదీసేవారు. అంటే తమరు వృత్తిరీత్యా గ్లాసులు చల్లబెట్టే బేసిన్. అయినా పొట్ట మీద యజమాని వంశచిహ్నంగా డాలు, దానిపైన కిరీటం!

ఆ కిరీటమే అక్కడి ప్రభువుల హోదా చెబుతుంది. నాలుగు ముత్యాలే కనిపిస్తే బారన్. పొడుగు కాడల మీద ఐదు ముత్యాలు, మధ్యలో ఆకులు ఉంటే ఎర్ల్. ఐదూ ఆకులే అయితే డ్యూక్. డాలులో నిలువు గీతలంటే ఎరుపు రంగని, అడ్డగీతలంటే నీలమని, చుక్కలంటే బంగారు రంగని అర్థం. డాలుకు బదులు డైమండు గడి ఉంటే అది పెళ్ళికాని ఆమెదో, భర్త పోయిన ఆమెదో. మన పాత ఉత్తరాల్లో పైనే ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని రాసినట్టు, వాళ్ళు గిన్నె మీదే చాటేశారు.

ఇదంతా తమరు చెప్పుకునేది. ఇక ఆ చిహ్నం మీద బొటనవేలుతో నొక్కనివ్వండి. రేకు పలచగా లోపలికి కదిలిందా? పాత యజమాని చిహ్నం గీకేసి కొత్తాయన తనది చెక్కించుకున్నాడన్నమాట. నోటితో ఆవిరి ఊదితే చెరిపిన గీతలు ఒక్కోసారి నీడలా తేలతాయి. మూడొందల ఏళ్ళు తోమితే గీతల అంచులు మెత్తబడాలి. గోటికి గరుకుగా తగిలితే తమ వంశం నిన్నమొన్నటిది.

ఇప్పుడు బోర్లా తిరగండి. సిగ్గెందుకు? 1697 నుంచి 1720 వరకు అక్కడి చట్టం 95.84 శాతం వెండి ఉండాలంది. దానికి ముద్రలు బ్రిటన్‌కు స్త్రీరూపమైన బ్రిటానియా దేవి, మెడ దగ్గర తెంపినట్టున్న సింహం తల. 1705 అంటూ 92.5 శాతానికి వేసే నడిచే సింహాన్ని చూపిస్తే మాత్రం పంచాయితీ తప్పదు. ముద్రల చుట్టూ కూడా ఆవిరి ఊదుతాం, టంకం గీత బయటపడుతుందేమోనని. 1720లో ఔన్సుకు ఆరు పెన్నీల పన్ను వచ్చాక, చిన్న సామానుకు ముద్ర వేయించి, ఆ ముక్క కోసి పెద్దదానికి అతికించిన ఘనులు అక్కడి కంసాలులే.

అడుగున గీరిన ‘50=12’ ఏ మంత్రాక్షరమో కాదు, నాటి తూకం. 50 ట్రాయ్ ఔన్సులు (వెండి బంగారాల తూకం), 12 పెన్నీవెయిట్లు (ఔన్సులో ఇరవయ్యో వంతులు), సుమారు 1,574 గ్రాములు. కాస్త తరుగు తోముడుకే పోతుంది. బాగా తగ్గితే ఏదో ముక్క ఊడింది. పెరిగితే మరీ అనుమానం, పాదమో అతుకో తర్వాత చేరింది.

స్నానం సంగతి. విభూతి, చింతపండు, సోడా-అల్యూమినియం రేకు వైద్యాలు తమకు నిషిద్ధం. మొదటిది గీతల్ని అరగదీస్తుంది, చివరిది గీతల్లోని నలుపు లాగేస్తుంది, అప్పుడు డాలు రంగులు చదవలేం. గోరువెచ్చని నీళ్ళు, చుక్క సబ్బు, మెత్తటి నూలుగుడ్డ చాలు. రబ్బరుబ్యాండు వేయం, ఉన్నిగుడ్డలో చుట్టం. రెండింట్లోని గంధకమూ తమ మొహం నల్లబరుస్తుంది.

ఇట్లు,
తమ అడుగు చూసిన విధేయులు