కోనోకార్పస్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కోనోకార్పస్ చెట్టు గారికి, మీ ఎదురు వాటాలో అద్దెకుంటున్నవాడు రాసుకునే విన్నపం.

అయ్యా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా విశాఖ కొండలు ఎలా ఉన్నాయో తమరు చూసుండరు. ఆకన్నది మిగల్లేదు. ఊరంతా ఒకటే మాట, ఎలాగైనా త్వరగా పచ్చబడాలని. ఆ ‘ఎలాగైనా’ పట్టుకునే తమరు మా వీధి డివైడర్ మీదికి వేంచేశారు.

పచ్చదనంలో మీకు వంక పెట్టలేం. వేపలా ఆకు రాల్చి ఊడ్చేవాళ్ల చేత తిట్లు తినరు. మొన్న వాకింగ్‌కి వెళ్తూ మీ ఆకులు నాలుగు తిప్పి చూశాను. చిల్లు లేదు, గుడ్డు లేదు, ఏదీ పాకిన జాడ లేదు. మా హాల్లో ప్లాస్టిక్ పూలకైనా సాలెగూడు పడుతుంది.

అదే మా పెరటి కరివేపాకు చూడండి, పరువు తక్కువ మొక్క. ఆకు మీద పిట్ట రెట్ట ఉందని గోటితో గీకబోతే అది కదిలింది! సీతాకోకచిలుక పిల్ల, రెట్ట వేషం వేసుకుని కూర్చుంది. కాస్త పెద్దదయ్యాక పచ్చ చొక్కా తొడుక్కుని రెబ్బలు రెబ్బలే మేసేసింది. ‘‘పులుసులోకి ఆకు లేదు, మందు కొట్టరా’’ అని మా అమ్మ. రేపు చూద్దాంలే అన్నాను, బద్ధకం. ఆ రేపే తేనెపిట్ట వచ్చి ఓ చిన్న పురుగును ముక్కున కరుచుకుపోయింది. తను తాగేది తేనె, పిల్లలకు పెట్టేది మాత్రం పురుగులు.

వాషింగ్టన్ పెరళ్లలో చికడీ అనే బుల్లి పిట్ట మీద చేసిన పరిశోధన ఒకటి 2018లో అచ్చయింది. ఇంటి చుట్టూ పచ్చదనంలో పరాయి మొక్కల వాటా 30 శాతం దాటితే ఆ పిట్టల సంఖ్య నిలబడదట. చెట్లు చాలక కాదు, పరాయి ఆకును చాలా పురుగులు ముట్టవు కాబట్టి గొంగళిపురుగులు చాలక. ఒక్క గూటి పిల్లలు రెక్కలొచ్చేలోగా 6 నుంచి 9 వేల పురుగులు తింటాయి మరి. మా డివైడర్ మీద మీ వాటా నూటికి నూరు.

తప్పు మీదని అనను. కరీబియన్ తీరంలో, పశ్చిమాఫ్రికాలో మడ అడవుల అంచున మీకు సొంత ఊరుంది, ఇరుగుపొరుగు ఉంది. ఇక్కడికి ఒంటరిగా తెచ్చి వరసలో నిలబెట్టింది మేమే. గుజరాత్ వాళ్లు 2023లో మిమ్మల్ని నాటొద్దన్నారని విని బాధపడి ఉంటారు.

మా విన్నపం చిన్నది. కాస్త పక్కకు జరిగితే, సింహాచలం సంపెంగ ఒకటి పెట్టుకుంటాం. పచ్చ చుక్కల సీతాకోకచిలుక ఒకటి దాని ఆకుల మీద గుడ్లు పెడుతుంది. రావికైతే గొయ్యి కూడా తవ్వక్కర్లేదు. పండు తిన్న కోయిల మా అపార్ట్‌మెంట్ గోడ పగులులోనే నాటి పోతుంది. రిబ్బన్ ఉండదు, ఫొటో ఉండదు. ఆ మొక్కను మేం ఏటా పీకించేస్తాం, అది వేరే సంగతి. మా ఊరి కంబాలకొండ అడవి మళ్లీ పచ్చబడటంలోనూ ఇలాంటి కూలి అడగని చేతులకు వాటా ఉంది.

అన్నట్టు, నిన్న సాయంత్రం మీ కొమ్మ మీద కాకి వాలింది. సంబరపడకండి. కేబుల్ వైరు మీద చోటు లేక వచ్చింది.

ఇట్లు,
మీ ఎదురింటివాడు
(కరివేపాకు కొనుక్కు తింటున్నవాడు)