కంప ఊరికే దొరుకుతుంది, ముక్కలు ఊరికే రావు

డీజిల్ లీటరు వంద రూపాయలకు అటూ ఇటూ తిరగడం మొదలైనప్పటి నుంచి అనంతపురం పల్లెల్లో ఒక ఆలోచన మళ్లీ మళ్లీ తలెత్తుతోంది. చెరువు కట్టల మీద, వంకల్లో, బీడు పడిన చేన్లలో ఎక్కడ చూసినా సర్కారు తుమ్మే. వానలు పడినా పడకపోయినా పెరిగే ఈ కంపను కొట్టి, డ్రమ్ములో వేసి, గ్యాస్ తీసి, దాంతో ఇంజన్ నడిపితే పోలా? ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, తుక్కు అంగట్లో డ్రమ్ములు, పైపులు ఏరుకుని వెల్డింగ్ షాపుల చుట్టూ తిరిగే కుర్రాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు.

ఇంజన్ నడుస్తుంది. అందులో అనుమానం అక్కర్లేదు. రోజూ నడుస్తుందా, నడిపితే ఏమైనా మిగులుతుందా అన్నదగ్గరే నా అనుమానమంతా.

ముందు ఈ డ్రమ్ము, అంటే గ్యాసిఫయర్, పనిచేసే తీరు చూద్దాం. కట్టెకు గాలి బాగా ఆడితే పూర్తిగా కాలి బూడిదవుతుంది. గాలి చాలీచాలకుండా ఇస్తే కాలడం సగంలో ఆగి, ఇంకా మండగలిగే వాయువులు బయటికొస్తాయి. ఇంజన్లకు ఎక్కువగా వాడే రకంలో కట్టె ముక్కలు, గ్యాస్ రెండూ పైనుంచి కిందికే దిగుతాయి. మొదట ముక్కలో తేమ పోతుంది. తర్వాత అది మాడి, పొగా తారూ వదిలి బొగ్గవుతుంది. ఇరుకైన గొంతు దగ్గర గాలి తగిలి వెయ్యి డిగ్రీలు దాటిన మంట లేస్తుంది. పైన పుట్టిన తారంతా ఆ మంటలోంచి దూరి వెళ్లాలి, వెళ్తూ విరిగిపోవాలి. దాని కింద ఎర్రగా కాలే బొగ్గు పొర ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి అందులోంచి పోయేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌గా, హైడ్రోజన్‌గా మారతాయి. చివరికి చేతికొచ్చే గ్యాస్‌లో దాదాపు 20 శాతం కార్బన్ మోనాక్సైడ్, 15 నుంచి 20 శాతం హైడ్రోజన్, కొద్దిగా మీథేన్ ఉంటాయి. సగం వరకూ గాలితో పాటు వచ్చిన నైట్రోజన్, అది దేనికీ పనికిరాదు. అందుకే ఈ గ్యాస్‌తో పెట్రోల్ ఇంజన్ నడిపితే బలం మూడో వంతు నుంచి సగం దాకా పడిపోతుంది. డీజిల్ ఇంజన్ అయితే గ్యాస్ ఒక్కదానితో అసలు నడవదు. అందులో స్పార్క్ ప్లగ్గు ఉండదు కాబట్టి నిప్పు అంటించడానికి ఎంతో కొంత డీజిల్ పడుతూనే ఉండాలి. బాగా కుదిరిన ఇంజన్‌లో డీజిల్ వాడకం 70 శాతం, ఇంకా శ్రద్ధగా చేస్తే అంతకన్నా ఎక్కువే తగ్గుతుంది. వీడియోల్లో ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

అనంతపురం శివార్లలో ఒక వెల్డింగ్ షాపు వెనక ఇలాంటిది ముట్టించడం దగ్గరుండి చూశాను. రెండు వందల లీటర్ల డ్రమ్ము, లోపల స్టెయిన్‌లెస్ పైపు, అడుగున కదిలించడానికి బయటికి కడ్డీ పెట్టిన జాలీ. కమ్మరి కొలిమికి వాడే బ్లోయర్‌ను తిరగేసి గాలి లాగేలా బిగించారు. పక్కన పలకకు వంచి కట్టిన ప్లాస్టిక్ ట్యూబులో ఎర్ర రంగు నీళ్లు ఉన్నాయి. డ్రమ్ములో ముక్కలు బిగుసుకుంటే ఆ నీళ్లు ఒకవైపు ఎక్కుతాయి. మొదటి పది నిమిషాలు చివరి పైపులోంచి పచ్చగా, చిక్కగా, కళ్లు మండించే పొగ. అగ్గిపుల్ల చూపిస్తే ఆరిపోయింది. "అన్నా, ఇంగ రెండు నిమిషాలు నిలబడు" అన్నాడు ఆ అబ్బాయి. జాలీ కడ్డీని రెండుసార్లు ఊపాడు. పొగ పల్చబడింది, తర్వాత దాదాపు కనిపించకుండా పోయింది. అప్పుడు మళ్లీ నిప్పు చూపిస్తే బుస్సుమని అంటుకుంది, ఎండలో సరిగా కనిపించని నీలం మంట. అక్కడున్న అందరూ ఫోన్లు తీశారు. పాత జనరేటర్ కూడా కాసేపు దగ్గి, నడిచింది. చేసినవాళ్ల తెలివి మెచ్చుకోవాల్సిందే. కానీ జనరేటర్ ఆపాక ఎయిర్ ఇన్‌టేక్ గొట్టం ఊడదీస్తే వేలికి నల్లగా, జిగటగా అంటుకున్నదాన్ని ఎవరూ ఫొటో తీయలేదు.

ఇంట్లో చేసిన గ్యాసిఫయర్లను చంపేది ఆ తారే. ఇంజన్‌కు వెళ్లే గ్యాస్‌లో ఘనపు మీటరుకు వంద మిల్లీగ్రాములు కూడా ఉండకూడదంటారు నిపుణులు. తారు వేడిగా ఉన్నప్పుడు ఆవిరి, చల్లబడితే బంక. ఇన్‌టేక్ వాల్వ్ కడ్డీ చుట్టూ పేరుకుంటుంది. ఇంజన్ ఆపి రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి వాల్వ్ అతుక్కుపోతుంది, స్టార్ట్ చేస్తే వాల్వ్‌ను నెట్టే పుష్ రాడ్ వంగుతుంది. కట్టెలో తేమ 20 శాతం దాటినా, గొంతు సైజు ఇంజన్ లాగే గ్యాస్‌కు సరిపోకపోయినా, ఇంజన్ ఎక్కువసేపు లోడు లేకుండా ఊరికే తిరిగినా మంట చల్లబడి తారు విరగడం ఆగిపోతుంది. అంటే డ్రమ్ము ఎంత గట్టిగా వెల్డింగ్ చేశామన్నది చిన్న సంగతి. రోజూ ఒకే రకం ముక్క, ఒకే రకం ఆరుదల, ఒకే రకం లోడు ఉండాలి. మన పొలాల్లో ఈ మూడూ కుదిరే రోజు ఎప్పుడో గానీ రాదు. ఎవరైనా తమ గ్యాసిఫయర్ బాగా పనిచేస్తోందని చెబితే నేను మంట చూపించమని అడగను, వంద గంటలు నడిచాక వాల్వ్ విప్పి చూపించమంటాను.

ఇప్పుడు డబ్బు లెక్క. ఐదు హార్స్ పవర్ డీజిల్ ఇంజన్ నిండు లోడు మీద గంటకు లీటరు పైచిలుకు తాగుతుంది. రోజుకు ఐదు గంటలంటే ఐదారు లీటర్లు. డెబ్బై శాతం తగ్గిందనుకుంటే నాలుగు లీటర్లు, అంటే దాదాపు 400 రూపాయలు మిగిలినట్టు. ఒక లీటరు డీజిల్ బదులు సుమారు నాలుగు కిలోల ఎండు కట్టె కావాలి. సొంతంగా చేసిన దాంట్లో వృథా కూడా కలుపుకుంటే రోజుకు 16 నుంచి 20 కిలోలు. అప్పుడే నరికిన కంపలో సగానికి దగ్గరగా నీళ్లే కాబట్టి పచ్చిగా 30 కిలోల దాకా కొట్టాలి. ముళ్లు చెక్కాలి, రెండంగుళాల ముక్కలు చేయాలి, వారాల తరబడి ఎండబెట్టాలి, వాన తగలకుండా దాచాలి. ఆపైన రోజూ ముట్టించడం, బూడిద తీయడం, ఫిల్టర్ కడగడం, నడుస్తున్నంతసేపూ పక్కనే ఉండి ముక్కలు పోయడం. ఎంత తక్కువ చూసినా అర రోజు పని. కూలి రోజుకు 500 అడిగే చోట ఆ 400లో 250 అక్కడికే పోయింది. మిగిలిన 150లో ఫిల్టర్లు, తరుగు, అప్పుడప్పుడు విప్పే ఇంజన్ ఖర్చు.

సొంత చాకిరికి లెక్కేంటి అంటారు కొందరు. నాకు ఈ మాట ఎప్పుడూ మింగుడుపడదు. ఆ చాకిరి చాలా ఇళ్లలో ఆడవాళ్ల నెత్తిన పడుతుంది. పొద్దున పాలు పిండి, కూలికి పోయి వచ్చి, సాయంత్రం సర్కారు తుమ్మ ముళ్లు గీరుకుంటూ ముక్కలు కొట్టేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. రంపం మిషన్ పెడితే పని తేలికవుతుంది, నిజమే. దానికి మళ్లీ కరెంటో డీజిలో కావాలి.

అసలు మన బోర్లకు ఇది ఏమాత్రం పొసగుతుందో కూడా చూడాలి. ఇంజన్ పంపు పైనుండి నీళ్లు పీల్చేది ఏడెనిమిది మీటర్ల లోతు వరకే. బావుల కాలంలో సరిపోయింది. అనంతపురంలో ఇప్పుడు బోరు వందల అడుగులు దిగితే గానీ తడి తగలదు, కిందికి దింపేది సబ్‌మెర్సిబుల్ మోటారు. కాబట్టి గ్యాస్‌తో ఇంజన్, ఇంజన్‌తో జనరేటర్, జనరేటర్‌తో మోటారు అని మూడు మెట్లు ఎక్కాలి. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, దాన్ని తట్టుకోవాలంటే జనరేటర్ మోటారుకు రెండు మూడింతలు ఉండాలి. అప్పటికే గ్యాస్ వల్ల బలం తగ్గిన ఇంజన్ అది. మరోవైపు 2004 నుంచి సాగుకు కరెంటు ఉచితం. లో వోల్టేజీ, కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్లు అనే టెన్షన్లు ఉన్నా, ఊరికే వచ్చే కరెంటుతో కట్టె ముక్క పోటీ పడలేదు. పైగా ఎండ విషయంలో మనకు లోటు లేదు. ఎన్పీ కుంటలో, ఓర్వకల్లు దగ్గర గని-శకునాలలో దేశమంతా చెప్పుకునే సోలార్ పార్కులు మన సీమలోనే ఉన్నాయి. సోలార్ పలకకు ముక్కలు కొట్టి పోయక్కర్లేదు.

చరిత్ర చెప్పేదీ ఇదే. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోల్ దొరకనప్పుడు ఐరోపాలో లక్షల వాహనాలు కట్టె గ్యాస్ మీద నడిచాయి. స్వీడన్ ఒక్క దేశంలోనే 70 వేలకు పైగా. ఫ్రాన్స్‌లో జార్జెస్ ఇంబెర్ట్ 1920లలో తయారుచేసిన నమూనాయే వాటిలో చాలావాటికి మూలం. మన దగ్గర కూడా బొగ్గు బస్సులు తిరిగాయి. వెనక కొలిమి లాంటి డ్రమ్ము, దాని హ్యాండిల్ తిప్పుతూ చెమటలు కక్కే క్లీనరు పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఇంకా ఉన్నారు. పెట్రోల్ మళ్లీ దొరకగానే అన్నిచోట్లా ఇవి మాయమయ్యాయి, ఎవరూ నిషేధించకుండానే. 1989లో అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా సులువుగా చేసుకునే గ్యాసిఫయర్ నమూనా ప్రచురించింది, ఇవాళ్టికీ ఇంట్లో చేసుకునేవాళ్లు పట్టుకు తిరిగేది ఎక్కువగా అదే. దాని పేరులోనే పెట్రోలియం ఎమర్జెన్సీలో వాడుకోవడానికి అని ఉంది. ఆ మాట వదిలేసి డ్రాయింగ్ ఒక్కటే తీసుకున్నారు మనవాళ్లు.

బాగా నడిచిన ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి. మడకశిరకు పొరుగునే ఉన్న తుమకూరు జిల్లాలో, హోసహళ్లి అనే పల్లెలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) శాస్త్రవేత్తలు 1988లో 3.7 కిలోవాట్ల చిన్న ప్లాంటు పెట్టారు. దీపాలు, తాగునీరు, పిండి మర దాని మీద నడిచాయి. అక్కడ కట్టె కోసం తోట పెంచారు, నడపడం ఊరివాళ్లకే నేర్పారు, వెనక ఐఐఎస్‌సీ ఉంది. ఇన్ని ఉంటేనే అది నిలబడింది. బీహార్‌లో 2007లో ఊకతో పల్లెలకు కరెంటు ఇవ్వడం మొదలుపెట్టిన హస్క్ పవర్ కంపెనీ తర్వాత సోలార్ వైపు మళ్లింది.

ప్రాణం సంగతి ఇంకా పెద్దది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. గాలిలో 0.2 శాతం కూడా లేకుండానే గంట రెండు గంటల్లో మనిషి పోతాడు. ఈ డ్రమ్ములో ఉండేది దానికి వంద రెట్లు. ఇంజన్ నడిచేటప్పుడు లోపలికి లాగుతుంది కాబట్టి లీకు ఉంటే గాలి లోపలికి పోతుంది, అదీ పేలుడుకు దారి తీయొచ్చు. ఇంజన్ ఆపాక లోపలి వేడికి గ్యాస్ ఊరుతూనే ఉంటుంది, అప్పుడు లీకుల్లోంచి బయటికొస్తుంది. మోటారు గదిలో మంచం వేసుకుని పడుకునే అలవాటు ఇంకా పోని పల్లెల్లో ఈ డ్రమ్మును ఆ గది పక్కన పెట్టడమంటే నాకు భయం. పాత ఎల్పీజీ సిలిండర్ కోసి వాడేవాళ్లున్నారు. సిలిండర్ కంపెనీ సొత్తు, కోయడం నేరం, లోపల గ్యాస్ మిగిలి ఉంటే కట్టర్ తగలగానే పేలుతుంది.

అయినా చేసి చూడాలన్న సరదా ఉన్న కుర్రాళ్లను నేను వద్దనను. కట్టె బదులు బొగ్గుతో మొదలుపెట్టమంటాను. బొగ్గులో తారు దాదాపు ముందే పోయి ఉంటుంది, ఇంజన్ బతుకుతుంది. పాత బస్సులు బొగ్గు మీద నడిచింది అందుకే. సర్కారు తుమ్మ బొగ్గు కాల్చి అమ్మి బతికేవాళ్లు సీమలో ఎలాగూ ఉన్నారు. నాటు బట్టీలో వంద కిలోల కట్టెకు పాతిక కిలోల బొగ్గు కూడా కష్టమే కాబట్టి నేర్చుకోవడానికి పనికొస్తుంది గానీ, బతుకు తెరువుకు కాదు.

నిజంగా డబ్బు, శ్రమ పెట్టాల్సిన చోటు ఇంజన్ కాదు, పొయ్యి. గ్యాస్‌ను చల్లార్చకుండా వేడివేడిగా బర్నర్‌లో మండిస్తే తారు కూడా దాంతో పాటే మండిపోతుంది. ఫిల్టర్ అక్కర్లేదు, ఫిల్టర్ కడిగిన నల్లటి విషపు నీళ్లు ఏ వంకలో పారబోయాలన్న బాధా లేదు. హిందూపురంలో పట్టు గూళ్లు ఉడికించి దారం తీసే యూనిట్లు, ధర్మవరంలో పట్టుకు రంగులద్దే తొట్లు రోజంతా వేడినీళ్ల మీదే నడుస్తాయి. అక్కడ ఎలాగూ పొయ్యి దగ్గర ఒక మనిషి ఉంటాడు, కట్టె ఎలాగూ కొంటారు. ఢిల్లీలోని ఇంధన పరిశోధన సంస్థ టెరి 1990లలోనే కర్ణాటకలో రీలింగ్ (దారం తీసే) పొయ్యిలకు గ్యాసిఫయర్ పెట్టి చూపింది. కట్టె ఖర్చు తగ్గింది, రీలింగ్ చేసేవాళ్ల కళ్లల్లో పొగ తగ్గింది. అదే పని మన వైపు పట్టుపరిశ్రమ శాఖ, ఇంజనీరింగ్ కాలేజీలు కలిసి చేయొచ్చు. పదో పదిహేనో యూనిట్లకు ఒకే సైజు గ్యాసిఫయర్, వాటికి ముక్కలు సప్లై చేసే ఒక కటింగ్ మిషన్, రిపేరుకు ఒక మనిషి. పొగ గొట్టం సరిగా పెట్టి, గాలి ఆడే షెడ్డు వేసి, కార్బన్ మోనాక్సైడ్ అలారం తగిలించడం కూడా ఆ ఖర్చులోనే రాసుకోవాలి.