వదినకో డైట్ చార్టు

మా వదినకు షుగర్ లేదు. రావచ్చని చెప్పి శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి ఫీజు పుచ్చుకుని, కొసరుగా డైట్ చార్టు ఇచ్చింది.

వాళ్ళమ్మకు షుగర్. రెండో కానుపప్పుడు వదినకూ వచ్చి, కానుపయ్యాక పోయింది. అలా వచ్చిపోయినవాళ్ళకు అది తర్వాత తిరిగొచ్చి తిష్ఠవేసే ముప్పు మిగతావాళ్ళకంటే ఏడు రెట్ల పైమాటే. కానుపైన 6 నుంచి 12 వారాల మధ్య గ్లూకోజు నీళ్ళు తాగించి మళ్ళీ పరీక్ష చేయాలి. అప్పుడు ఎవరూ పిలవలేదు. ఆరేళ్ళకు చార్టు వచ్చింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు.

పొద్దున్నే నానబెట్టిన బాదంపప్పులు 6. ఎనిమిదింటికి ఓట్స్. పదకొండింటికి సగం అవకాడో (మిగతా సగం ఎవరికో రాయలేదు). మధ్యాహ్నం క్వినోవా, బ్రోకలీ. ఇంట్లో డబ్బాడు చోడిపిండి, మూట నిండా ఉలవలు, పెరట్లో మునగచెట్టు ఉన్నాయి. వాటికి ఇంగ్లీషు రాదు కాబోలు, చార్టులో చోటు దక్కలేదు.

ఆజ్ఞ ఆజ్ఞే కదా, సంచీ పట్టుకుని రైతుబజారుకు వెళ్ళాను. బ్రోకలీ ఎలా ఉంటుందని కూరలమ్మ అడిగింది. పచ్చగా కాలీఫ్లవరులా ఉంటుందన్నాను. ఆవిడ జాలిపడి, "తెల్లదే పట్టుకెళ్ళు బాబూ, తోటకూరేసి వండితే అదే పచ్చగైపోద్ది" అంది. ఆ ఊళ్ళో నాకు దొరికిన ఒకే ఒక్క పనికొచ్చే ఆహార సలహా అది. రెండూ కొన్నాను.

బాదంపప్పుల సంగతి కూడా చెప్పాలి. రాత్రి వదిన ఆరు నానబెట్టింది. పొద్దున్న పిల్లలు నాలుగు తిన్నారు. మా అన్నయ్య రెండు తిని, వీటితో షుగరెలా తగ్గుతుందే అన్నాడు.

చార్టు చివర్లో గుండ్రటి కంచం బొమ్మ ఉంది. సగం కూరలు, పావు పప్పు, పావు అన్నం. మంచి లెక్కే, ఎవరూ కాదనరు. తిండి మార్చి, వారానికి 150 నిమిషాలు నడిచి, 7 శాతం బరువు తగ్గాలని పూనుకున్నవాళ్ళలో షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గిందని 2002లోనే అమెరికావాళ్ళు తేల్చారు.

ఇక రాత్రి తొమ్మిదిన్నరకు మా వంటింట్లోకి రండి. ఏడుగురం తిని లేచాం. వదిన కూర్చుంది. పప్పుగిన్నె అడుగున రెండు గరిటెల నీళ్ళు. కూర మూకుడులో కూర లేదు, అంచులకు అంటుకున్న మసాలా ఉంది. అందులోనే అన్నం వేసి, నాలుగువైపులా తుడిచి కలుపుకుంది. గిన్నెలో మిగిలిన అన్నమూ వేసుకుంది, పారబోస్తే పాపం కదా. ఏదీ ఆ సగం కంచం కూర? ఎవడి కడుపులో ఉంది?

పదేళ్ళుగా ఆ మనిషి మిగిలిందే తింటోంది, ఎప్పుడూ మిగిలేది అన్నమే! అలాంటి మనిషికి ఏం తినాలో నేర్పిస్తారా? సిగ్గులేకపోతే సరి! ఆ చార్టు మీద రాయాల్సింది వదిన పేరు కాదు. మా అన్నయ్య పేరు, కోడలు ఆఖర్నే తినాలనే మా అమ్మ పేరు, నా పేరు.

మూకుడు కడుగుతూ వదిన అడిగింది, "కాలీఫ్లవర్ తోటకూర బాగుందా బాబూ?" అని.

బాగుందన్నాను. మూడుసార్లు వేసుకున్నాను మరి.