ఈ ఆట పిల్లల్ని పాడుచేస్తోంది

యూత్ వింటర్ ఒలింపిక్స్ నుంచి కర్లింగ్‌ని వెంటనే తీసేయాలని డిమాండ్ చేస్తున్నాను. టీనేజీ పిల్లలు చూడదగ్గ ఆటే కాదిది, అలాంటిది 2012లో ఇన్స్‌బ్రుక్‌లో మొదలుపెట్టి ఇప్పటిదాకా వాళ్ల చేతే ఆడిస్తున్నారు, అదీ పట్టపగలు, కెమెరాల ముందు. (మంచు ఊడ్చే ఆట కదా అని చీపురు జోకు కోసం వచ్చినవాళ్లు నిరాశపడక తప్పదు. ఇది సీరియస్ విషయం.)

చూడ్డానికి ఆట బాగానే ఉంటుంది. ఇరవై కిలోలకు కాస్త తక్కువ బరువుండే గ్రానైట్ రాయిని మంచు మీద జారవిడిస్తారు, అది అవతలి చివర గీసిన వలయాల మధ్యలోకి చేరాలి. ముందు ఇద్దరు బ్రష్‌లతో మంచును తెగ రుద్దుతూ పోతారు, ఆ రాపిడికి రాయి ఇంకాస్త దూరం, ఇంకాస్త తిన్నగా వెళ్తుంది. అవతలి చివర నుంచి స్కిప్, అంటే కెప్టెన్, గొంతు చించుకుని అరుస్తుంటుంది. ఎదుటి జట్టు రాయిని కొట్టి బయటికి తోసేయొచ్చు కూడా. రాళ్లున్నాయి, అరుపులున్నాయి, తోసేయడాలున్నాయి, మంచి గొడవకి ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఈ సరంజామా అంతా పెట్టుకుని వీళ్లు చేస్తున్నదేమిటో చూడండి.

జారుతున్న రాయికి ఒకబ్బాయి బ్రష్ తగిలిందనుకోండి, ఆటలో అది తప్పు. ఎవరూ చూడలేదు. బుద్ధున్నవాడైతే ఏం చేస్తాడు? తల వంచుకుని రుద్దుకుంటూ పోతాడు, ఎవరైనా అడిగితే తగల్లేదంటాడు, వీడియో చూపిస్తే కెమెరా పెట్టిన చోటు సరిగ్గా లేదంటాడు. కర్లింగ్‌లో మాత్రం తగిలించినవాడే నోరు తెరిచి చెప్పేయాలి, అదీ వెంటనే. అన్యాయంగా గెలవడం కన్నా ఓడిపోవడమే మేలనుకునేవాడే నిజమైన ఆటగాడని రూల్ బుక్‌లోనే రాసిపెట్టారు, ఎదుటివాణ్ణి చిన్నబుచ్చకూడదని కూడా. పదిహేనేళ్లకే ఇది ఒంటబడితే ఆ పిల్లాడు రేపు ఆఫీసులో ఎలా బతుకుతాడు? ప్రమోషన్ సంగతి వదిలేయండి, కనీసం అపార్ట్‌మెంట్ సంఘానికి కోశాధికారి కాగలడా?

స్కోరు సంగతి ఇంకా దారుణం. ఒక్కో ఎండ్, అంటే రెండు జట్లూ రాళ్లన్నీ వేసే ఒక్కో రౌండ్, అయ్యాక ఎవరికెన్ని పాయింట్లో రెండు జట్ల వైస్ స్కిప్‌లు వలయం దగ్గర నిలబడి వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు. ప్రత్యర్థులు! వాళ్లలో వాళ్లే! కంటికి ఆనకపోతే తప్ప కొలిచే పరికరం పట్టుకుని అంపైర్ రాడు. ఇక గెలవలేమని తెలిస్తే ఓడినవాళ్లే చెయ్యి చాచి, కరచాలనం చేసి ఆట ముగిస్తారు. కోచ్ వెనక కూర్చుని చూస్తుండాలి, టైమ్ అవుట్‌లోనో, విరామంలోనో తప్ప మాట కలపకూడదు. పిల్లల నిర్ణయాలు పిల్లలే తీసుకుంటే ఇక పెద్దవాళ్లం దేనికున్నట్టు?

మనుషుల మాట నమ్మకుండా పెట్టుకున్నది నాకు కనిపించినంతలో ఒక్కటే, పెద్ద పోటీల్లో వాడే రాయి పిడి. హాగ్ లైన్ అనే గీత చేరేలోపు చెయ్యి వదిలారా లేదా అని లోపల సెన్సార్ కనిపెడుతుంది, వదలకపోతే ఎర్ర లైటు. మొత్తం పోటీల్లో బాధ్యతగా పనిచేస్తున్న ఉద్యోగి ఆ పిడి ఒక్కటే.

జట్టులో ఇద్దరబ్బాయిలు, ఇద్దరమ్మాయిలు, రాళ్లు వేసేది వంతులవారీగా. పోనీ అదైనా సర్దుకుందాం. మిక్స్‌డ్ డబుల్స్‌లో నిర్వాహకులు చేసిందాన్ని మాత్రం క్షమించలేం. వేర్వేరు దేశాల పిల్లల్ని తెచ్చి జంటలుగా కలిపారు! నిన్నటిదాకా టీమ్ పోటీలో ఎదురెదురుగా నిలబడ్డవాళ్లు ఇవాళ ఒకే రాయి ముందు. 2016 లిల్లీహామర్‌లో జపాన్ అమ్మాయి, స్విట్జర్లాండ్ అబ్బాయి కలిసి స్వర్ణం కొట్టారు, 2020 లోజాన్‌లో హంగరీ, కెనడా పిల్లలు కొట్టారు. ఏ జెండా ఎగరేయాలి? పతకాల పట్టికలో ఎవరి ఖాతాలో వేయాలి? సోషల్ మీడియాలో మనం ఎవర్ని తిట్టాలి? అభిమానుల గోడు ఎవరికీ పట్టలేదు.

అదృష్టం బాగుండి 2024 గాంగ్‌వాన్‌లో ఆ పద్ధతి మార్చారు, ఎవరి దేశం వాళ్లదే. హమ్మయ్య అనుకుంటుండగా ఆ పోటీలకే నైజీరియా నుంచి కూడా కర్లింగ్ జట్టు వచ్చింది, అంతకుముందు లోజాన్‌కి బ్రెజిల్ వచ్చింది. ఇన్నాళ్లూ చలి దేశాల రోగమేలే అని ధీమాగా ఉన్నాం.

పోనీ పెద్దయ్యాకైనా బాగుపడతారా అని ఆశపడితే, 2015లో కెనడాలో కొత్తరకం బ్రష్‌ల మీద పెద్ద రగడే మొదలైంది. ఆ బ్రష్‌లకున్న గుడ్డతో రాయిని ఇష్టమొచ్చిన వైపు తిప్పేస్తున్నారని గోల. నేను సంబరపడ్డాను, కోర్టులు, స్టేలు, దిష్టిబొమ్మలు అన్నీ ఊహించుకున్నాను. తీరా చూస్తే పేరున్న జట్లే ఒకచోట చేరి, మేం ఆ బ్రష్‌లు వాడం అని సంతకాలు పెట్టేశాయి. మరుసటేడు ప్రపంచ కర్లింగ్ సమాఖ్య బ్రష్‌ల ప్రమాణాలు ఖరారు చేసింది, అయిపోయింది. ఇంత మంచి గొడవని ఇంత చవగ్గా వదులుకున్నవాళ్లని నేనెక్కడా చూడలేదు.

తర్వాతి యూత్ పోటీలు 2028లో ఇటలీలో. తీసేయడం కుదరదంటారా, కనీసం జట్టుకో లాయర్‌ని ఇవ్వండి, ఎండ్‌కో అప్పీలు తప్పనిసరి చేయండి, తప్పు ఒప్పుకున్న పిల్లాణ్ణి కౌన్సెలింగ్‌కి పంపండి.