నోవా వీపు మీది మరకత ఫలకం

‘డార్క్’ చూసినవాళ్లు ఇద్దరు కలిస్తే మాట వెంటనే చుట్టరికాల మీదికి పోతుంది. ఎవరు ఎవరి కొడుకు, ఎలిజబెత్ తన కూతురికే కూతురు ఎలా అయింది, కాగితం మీద గీసుకున్న వంశవృక్షంలో ఏ గీత ఎక్కడ కలవలేదు. నేనూ ఆ కాగితం గీసుకున్నాను. కానీ రెండోసారి చూస్తున్నప్పుడు, పాస్టర్ వేషంలో తిరిగే నోవా చొక్కా లేకుండా కనిపించిన చోట ఆగిపోయాను. కథ గుట్టు అక్కడే ఉందని నా నమ్మకం. అంత మంచి సీరియల్‌ని మనం లెక్కల పజిల్‌లా విప్పి పక్కన పెట్టేస్తున్నామన్నది నా బాధ. ముగింపు ప్రస్తావించకుండా ఈ సంగతి చెప్పడం కుదరదు, కాబట్టి చూడనివాళ్లు చూశాకే చదవండి.

బరాన్ బో ఓడార్, యాంట్యే ఫ్రీజ కలిసి రూపొందించిన ఈ జర్మన్ సీరియల్ 2017 నుంచి 2020 వరకు నెట్‌ఫ్లిక్స్‌లో 3 సీజన్లు, 26 ఎపిసోడ్లుగా వచ్చింది. కథంతా విండెన్ అనే కల్పిత పట్టణంలో, కాలంలో ముందుకూ వెనక్కీ ప్రయాణించే మనుషుల మధ్య నడుస్తుంది. అక్కడొక అడవి, అడవిలో గుహ, పక్కనే అణువిద్యుత్ కేంద్రం. గుహలోని తలుపు మీద లాటిన్‌లో ఒక వాక్యం చెక్కి ఉంటుంది: సిక్ ముండుస్ క్రెయాటుస్ ఎస్ట్. ‘ఈ విధంగా లోకం సృష్టించబడింది’ అని అర్థం. ఆడమ్ అనే ముసలివాడు నడిపే రహస్య కాలయాత్రికుల బృందం పేరు కూడా అందులోంచే వచ్చింది.

ఆ వాక్యం, మామూలు లోహాన్ని బంగారంగా మార్చాలని చూసిన రసవాదులు ప్రాణంగా చూసుకున్న ‘మరకత ఫలకం’ లోనిది. హెర్మెస్ ట్రిస్మెగిస్టస్ అనే పురాణ పురుషుడు రాశాడని చెప్పే చాలా చిన్న పాఠం అది, మహా అయితే పదిహేను వాక్యాలు. మనకు దొరికిన అతి పాత ప్రతి అరబిక్‌లో ఉంది. 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్లింది. ఐజాక్ న్యూటన్ దాన్ని తన కోసం ఇంగ్లీషులోకి అనువదించుకున్నాడు. ఆ ఫలకమే నోవా వీపు నిండా పచ్చబొట్టుగా ఉంటుంది. మరకతం రంగు పాఠాన్ని పచ్చబొట్టు అని పిలుచుకునే అవకాశం మన భాషకే ఉంది. ఎంతో ఇష్టంగా చెబుతున్నాను ఈ మాట.

ఎవరి వీపు వాళ్లకు కనిపించదు. నోవా తన కూతురి కోసం వెతుకుతూ, ఆడమ్ మాటను వేదంలా నమ్మి, పిల్లల ప్రాణాలు తీసే పనికి కూడా ఒడిగట్టాడు. ఒంటిమీద మొత్తం పాఠం ఉంది. చదవడం మాత్రం చేతకాలేదు. దర్శకుడు ఆ పచ్చబొట్టును ఛాతీ మీద కాకుండా వీపు మీద వేయించడం నాకు ఊరికే చేసిన పనిలా అనిపించదు.

ఆడమ్ సంగతి ఇంకా దారుణం. అతను పాఠం చదివాడు, కానీ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాడు. సృష్టి గురించి చెప్పే ఆ మాటకు ముందు, అదే ఫలకంలో, పని ఎలా చేయాలో చెప్పే మాట ఉంది: భూమిని అగ్ని నుంచి, సూక్ష్మాన్ని స్థూలం నుంచి వేరు చెయ్యి, మృదువుగా, గొప్ప నేర్పుతో చెయ్యి. ఈ ‘మృదువుగా’ అన్న మాట ఆడమ్ చెవికి ఎక్కలేదు. ఈ కథలో ఒకదానికొకటి అద్దంలాంటి రెండు లోకాలు ఉన్నాయి. ఆ రెండింటి ప్రళయశక్తినీ ఒకచోటికి తెచ్చి, గర్భవతిగా ఉన్న మార్తా మీద ప్రయోగించి, అందరి జీవితాలనూ చుట్టేసిన కాలపు ముడిని కడుపులో బిడ్డతో సహా కాల్చేద్దామనుకున్నాడు. ఏమీ జరగలేదు. తను కూడా చెరిగిపోతానని ఎదురుచూసిన మనిషి అలాగే నిలబడి ఉంటాడు. మూడు సీజన్లలో నన్ను ఎక్కువ కదిలించిన దృశ్యం ఇదే. మన రసశాస్త్రంలోనూ పుటం పెట్టడానికి, అంటే ద్రవ్యాన్ని మూసలో ఉంచి కాల్చడానికి, లెక్క ఉంటుంది. మంట ఎక్కువైతే మూసలో ఉన్న ద్రవ్యం పాడవుతుంది.

ఫలకంలో మరో మాట: దాని తండ్రి సూర్యుడు, తల్లి చంద్రుడు. విండెన్‌లో కాలం 33 ఏళ్ల చుట్టు తిరుగుతుంది, 1953, 1986, 2019. సూర్యచంద్రుల చక్రాలు 33 ఏళ్లకోసారి కలుస్తాయన్నది సీరియల్ ఇచ్చే కారణం. ఇది కేవలం కల్పన కాదు. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కంటే సుమారు 11 రోజులు తక్కువ. మన పంచాంగం ఆ తేడాను అధికమాసంతో సర్దుతుంది. సర్దకుండా వదిలేస్తే 33 సౌర సంవత్సరాలకు దాదాపు 34 చాంద్ర సంవత్సరాలు పూర్తయి, రెండూ మళ్లీ ఒకచోటికి వస్తాయి. రసవాదులు సూర్యుణ్ణి రాజుగా, చంద్రుణ్ణి రాణిగా గీసి ఇద్దరికీ పెళ్లి చేసేవాళ్లు. యూరప్‌లో గంధకం రాజు, పాదరసం రాణి. మన సిద్ధుల దగ్గర ఇది తిరగబడుతుంది. పాదరసం శివుడి తేజస్సు, గంధకం పార్వతికి చెందింది. ఎవరు ఏదైనా ఆ కలయికలోంచే పరుసవేది పుట్టాలి.

‘డార్క్’లో ఆ పెళ్లి కథానాయకుడైన కుర్రాడు యోనస్‌కూ మార్తాకూ జరుగుతుంది, ఒక్కొక్కరూ ఒక్కో లోకం నుంచి వచ్చి. వాళ్లే ముసలివాళ్లై ఆడమ్, ఈవా అవుతారు. బిడ్డ పుడతాడు. రసవాదంలో రాజు, రాణికి పుట్టేవాడు సిద్ధపురుషుడు, సాధనకు దక్కిన ఫలం. ఇక్కడ పుట్టినవాడు బాలుడిగా, నడివయసువాడిగా, వృద్ధుడిగా ముగ్గురై ఒకేసారి నడుస్తూ, చంపుతూ, పీటముడిని ఇంకా బిగిస్తాడు. చిహ్నాన్ని ఉన్నదున్నట్టు అతికించకుండా రచయితలు తలకిందులు చేశారు. రెండూ సరిగా వేరుపడకుండానే కలిస్తే పుట్టేది ఇలాంటిదే అని వాళ్లు చెబుతున్నట్టు నాకు తోస్తుంది. అలంకారం కోసం నాలుగు లాటిన్ ముక్కలు వాడుకున్నారు అనేవాళ్లకు నా జవాబు ఈ బిడ్డే.

అణుకేంద్రం కూడా అంతే. ఒక మూలకం ఇంకో మూలకంగా మారడం రసవాదుల కల. 1901లో రూథర్‌ఫర్డ్, సాడీ థోరియం తనంతట తానే మారిపోతోందని గుర్తించడంతో అది ప్రకృతిలో నిత్యం జరిగే పనేనని తేలింది. విండెన్ కొలిమి ఈ రియాక్టరే. పీపాల్లో దాచిపెట్టిన వ్యర్థం ఆ కొలిమి మసి. కాలయంత్రానికి ఇంధనం కూడా సీసియం అనే రేడియోధార్మిక పదార్థమే.

అయితే కనిపించిన ప్రతిదానికీ అర్థం చెప్పే అలవాటు కూడా నాకు నచ్చదు. నలుపు, తెలుపు, పసుపు, ఎరుపు రసవాదంలో నాలుగు దశలు కాబట్టి యోనస్ పసుపు రెయిన్‌కోట్ మూడో దశ అని కొందరు వాదిస్తారు. అయి ఉండొచ్చు. చీకటి అడవిలో కుర్రాడు కెమెరాకు కనబడాలని కూడా అయి ఉండొచ్చు.

ఇక క్లాడియా. ఆమెను తెల్ల దెయ్యం అంటారు. ఫలకంలోని ఆ ‘మృదువుగా, గొప్ప నేర్పుతో’ అన్న మాటను ఆచరించింది ఆమె ఒక్కతే. ఆమె చేతులు శుభ్రమైనవని అనను. 1987లో కన్నతండ్రి ఎగాన్ కళ్లముందు పడిపోతే సహాయానికి ఎవరినీ పిలవలేదు. రెండో లోకంలోని తనను తానే కాల్చింది. కానీ కూతురు రెజీనాను బతికించుకోవాలనే ఒక్క ఆశతో ఆమె ఏళ్ల తరబడి ఓపికగా వెతికింది. ఏది ముడిలో ఉంది, ఏది బయట ఉంది, అదే ఆమె వెతుకులాట. సూక్ష్మాన్ని స్థూలం నుంచి వేరుచేయడం అంటే ఇదే కదా! ఈ రెండు లోకాలూ 1986లో గడియారాలు చేసే టాన్‌హౌస్ యంత్రం చీల్చిన ముక్కలని, చనిపోయిన కొడుకును, కోడలిని, మనవరాలిని వెనక్కి తెచ్చుకోవాలని అతను చేసిన పని ఇదని కనిపెట్టింది ఆమే. ప్రళయ క్షణంలో కాలం ఒక్క రెప్పపాటు ఆగుతుంది. ఆమె వాడుకున్నది ఆ రెప్పపాటునే. ఏ పేలుడూ లేదు. 1971లో ఒక రాత్రి వంతెన దగ్గర ఇద్దరు పిల్లలు కారుకు ఎదురుగా నిలబడ్డారు, అంతే. కారు వెనక్కి తిరిగింది. యోనస్, మార్తా వెలుగు రేణువుల్లా కరిగిపోయారు.

చివరి దృశ్యంలో రెజీనా బతికే ఉంది. బల్ల చుట్టూ స్నేహితులు భోంచేస్తున్నారు. కరెంటు పోయి వస్తుంది. గర్భిణి అయిన హన్నా ఒక పసుపు రెయిన్‌కోట్ వైపు అలా చూస్తూ ఉండిపోతుంది. ఇదంతా ఇంతకుముందే జరిగినట్టుందని అంటుంది. బిడ్డకు ఏం పేరు పెడతావని అడిగితే, యోనస్ మంచి పేరు అనిపిస్తోంది అంటుంది.